నుమాయిష్‌లో మా ఆరడుగుల బల్ల

1998 జనవరిలో మా నాయిన తాను నేసిన చీరలను తానే అమ్ముకోవడానికి మొదటిసారి హైదరాబాదుకు బయలుదేరాడు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు. పన్నెండో ఏట గుంట మగ్గంలో కాళ్లు పెట్టిన మనిషి, ముప్పై నాలుగేళ్లుగా నేస్తూనే ఉన్నాడు గాని, అన్నేళ్లలో తన చేతి పట్టుచీరను కొన్న మనిషి ముఖం ఒక్కసారి కూడా చూసి ఎరుగడు. పోచంపల్లిలో మాలాంటి ఇళ్లలో పద్ధతే అది. పట్టు, రంగులు, డిజైను కాగితం సావుకారి ఇచ్చేవాడు. ఇంటిల్లిపాదీ నెలన్నర కష్టపడితే ఒక పడుగు మీద ఏడు చీరలు దిగేవి. వాటిని తెల్లగుడ్డలో మూటగట్టి సావుకారి ఇంట్లో అప్పజెప్పి, మజూరీ లెక్క చూసుకుని, మళ్లీ కొత్త పట్టుతో నాయిన ఇంటికి వచ్చేవాడు. ఆ ఏడు చీరలు ఏ బజారుకు పోయేవో, ఏ ఊరి పెళ్లిలో ఎవరి ఒంటి మీద మెరిసేవో మాకు తెలిసే దారి లేదు. మా అమ్మ పెట్టెలో మాత్రం పట్టు ఇక్కత్ చీర ఒక్కటీ ఉండేది కాదు.

మేము హైదరాబాదులో ఏటా జరిగే పెద్ద ప్రదర్శన, నుమాయిష్‌కు వెళ్లడానికి కారణం ఒక పడుగు తిరిగి రావడం. అంతకు ముందు దసరాకు నేసిన ఏడు చీరలనూ, అంచు దగ్గర ఎరుపు తెలుపులోకి పాకిందని చెప్పి సావుకారి వెనక్కి పంపాడు. మజూరీ ఇవ్వలేదు సరే, పట్టు ఖర్చు కూడా మా పేరు మీద అప్పుగా రాసుకున్నాడు. పాకిందన్న రంగు వేలెడు మేర కూడా లేదు. అసలు ఇక్కత్‌లో పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు. ముందే రంగు పట్టించిన పోగులను నేతలో కలిపినప్పుడు అవి వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి, అందుకే ఆ పువ్వు నీళ్లలో ప్రతిబింబంలాగా అంచుల్లో కొద్దిగా వణుకుతున్నట్టు కనిపిస్తుంది. ఈ మాటలన్నీ ఇప్పుడు నేను రాయగలుగుతున్నాను గాని, ఆ రోజు సావుకారి ముందు నాయిన ఒక్క మాట కూడా అనలేదు. మూట విప్పకుండానే తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

ఆ చీరలు రెండు నెలలు మా ఇంట్లో దూలానికి వేలాడిన తరువాత, చేనేత దుప్పట్ల వ్యాపారం చేసే మా మేనమామ వచ్చి, నుమాయిష్‌లో తాను తీసుకున్న స్టాలు ముందు భాగంలో ఆరడుగుల బల్ల ఒకటి వేసుకోమని, అద్దెలో మూడో వంతు భరిస్తే చాలని చెప్పాడు. నాయిన వెంటనే ఒప్పుకోలేదు. "నేసుడు వస్తది నాకు, అమ్ముడు రాదు బావా" అన్నాడు. చివరికి ఒప్పించింది అమ్మే. "పొయ్యి మీద పెట్టుకుని కాలుస్తమా ఈ చీరలు? పో, నేను గూడ వస్త" అంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న నన్ను, లెక్కలు రాయడానికి, వచ్చిన వాళ్లతో ఉర్దూలో నాలుగు మాటలు మాట్లాడటానికి శని ఆదివారాలూ సంక్రాంతి సెలవులూ రమ్మన్నారు. ఏడు పట్టుచీరలతో పాటు మా పెదనాన్న కొడుకులు నేసిన నూలు చీరలు, డ్రెస్సు గుడ్డలు, దిండు గలీబులు కలుపుకుని రెండు పెద్ద మూటలతో బస్సు ఎక్కాము.

హైదరాబాదు వాళ్లకు నుమాయిష్ గురించి చెప్పవలసిన పని లేదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో కొన్ని పదుల స్టాళ్లతో మొదలుపెట్టిన ఆ ప్రదర్శన 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా ఏటా జనవరి మొదట్లో మొదలై ఫిబ్రవరి నడిమి దాకా సాగుతుంది. కొనేవాళ్లు ఎరిగిన నుమాయిష్ సాయంత్రం నుంచి రాత్రి వరకే. అమ్మేవాళ్ల నుమాయిష్ పగటి పూట ఉంటుంది. దీపాలు లేని ఆ వరుసల్లో బకెట్లతో నీళ్లు చల్లడం, దుమ్ము దులపడం, పక్క స్టాలు వాళ్లతో చిల్లర మార్చుకోవడం, తడిసిన లుంగీలు స్టాలు వెనుక తాళ్ల మీద ఆరేయడం, పది రాష్ట్రాల వంటల వాసనలు ఒకే సందులో కలిసిపోవడం, ఇవన్నీ టిక్కెట్టు కొని వచ్చినవాళ్లకు కనబడవు. నాయిన, మామ రాత్రిళ్లు బల్లల కింద మూటలు తలకింద పెట్టుకుని పడుకునేవారు. అమ్మ, నేను మలక్‌పేటలో మేనత్త ఇంటికి వెళ్లేవాళ్లం.

మొదటి నాలుగు రోజులు పట్టుచీర ఒక్కటి కూడా కదలలేదు. నాయిన బల్ల వెనుక చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎవరైనా చీర అంచు పట్టుకుని "ఎంత?" అని అడిగితే ఆయనకు మాట పెగిలేది కాదు. మామ చెప్పిపెట్టిన ధర పట్టుచీరకు 2,200 రూపాయలు. ఆ చీరకు మాకు వచ్చే మజూరీ 450. పట్టు, రంగులు, అద్దె కలిపి లెక్క వేస్తే 2,200 న్యాయమైన ధరే అని మామ కాగితం మీద వేసి చూపించాడు గాని, తన చేతి పనికి అంత పెద్ద అంకె తన నోటితో పలకడం దొంగతనంలాగా తోచేదని నాయిన చాలా ఏళ్ల తరువాత నాతో అన్నాడు. అడిగినవాళ్లు ఆయన తటపటాయింపు చూసి ధర మీద అనుమానపడేవారు. "ఆప్కోలో పండుగకు రిబేటు ఇస్తారు, మీ దగ్గర లేదా?" అని ఒకరు, "సగానికి ఇస్తావా చెప్పు" అని ఒకరు. "మీరే చూసి ఇయ్యుండ్రి" అన్నాడు ఒకసారి నాయిన. ఆ పెద్దమనిషి నవ్వి వెళ్లిపోయాడు.

మా ఎదురు స్టాలు కాశ్మీరు శాలువలది. గడ్డం పూర్తిగా నెరిసిన ఒక పెద్దాయన, ఇద్దరు కొడుకులు. ఆ ఏడాది రంజాన్ నెల దాదాపు జనవరి అంతా ఉంది. సాయంత్రం జనం మెల్లగా చేరుతున్న వేళకే వాళ్లు ఉపవాసం విడిచి నమాజుకు వెళ్లవలసి వచ్చేది. మూడో రోజు ఆ పెద్దాయన దారి దాటి వచ్చి, తాము వచ్చేదాకా స్టాలు చూడగలవా అని నాయినను అడిగాడు. నాయిన వెళ్లి, వాళ్ల శాలువలకు ఎదురుగా, వాటిని చేత్తో తాకకుండా, కాపలా నిలబడ్డాడు. తిరిగి వచ్చాక ఆయన మాకు ఖర్జూరాలు, కోసిన పండ్లు పళ్లెంలో పంపాడు. అది ఆ నెలంతా సాగింది. మా అమ్మ వండిన సర్వపిండి కూడా ఇఫ్తారు వేళకు ఆ పళ్లెంలో ఎదురు వెళ్లేది.

నాయినకు అమ్మకం నేర్పింది ఆయనే. ఒక మధ్యాహ్నం మా బల్ల దగ్గరికి వచ్చి, దొంతర్లుగా మడిచి పెట్టిన చీరలను చూసి, ఇలా మూసి పెడితే ఎవరికి తెలుస్తుంది అని అడిగి, ఒక చీర కొంగు అందుకుని గాలిలోకి విసిరాడు. ఆరు గజాల పట్టు ఒక్కసారి విచ్చుకుని బల్ల మీదికి దిగింది. ముందు చూపించు, ధర తరువాత, అడిగేదాకా చెప్పకు, అడిగాక చెప్పడానికి తడబడకు, అని ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. నాయిన ఆ విసురును ఎన్నిసార్లు అభ్యాసం చేశాడో లెక్క లేదు. నేతగాడి చేయి గనక గుడ్డ బరువు ఆయనకు తెలుసు. రెండు రోజుల్లో ఆ పెద్దాయన కంటే బాగా విసరడం వచ్చింది.

2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచి వరుసలకు వరుసలు స్టాళ్లు కాలిపోతున్నాయని టీవీలో చూపించినప్పుడు, మా అమ్మ మొదట అడిగిన మాట, "ఆ శాలువల తాత పిల్లలు ఇంకా వస్తున్నరో ఏమో, వాళ్లకేమైందో" అని. ఇరవై ఒక్క ఏళ్ల తరువాత కూడా ఆమెకు ఆ పళ్లెం గుర్తుంది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదని విన్నాక గాని ఆమె పడుకోలేదు.

మమ్మల్ని నిజంగా కుంగదీసింది వేరొక సంగతి. మాకు నాలుగు స్టాళ్ల అవతల ఒకచోట "పోచంపల్లి చీరలు" అని బోర్డు పెట్టి, మా డిజైన్లనే మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి, 250 రూపాయలకు అమ్ముతున్నారు. దూరం నుంచి చూస్తే పోలిక పట్టడం కష్టమే. అక్కడ చూసి వచ్చినవాళ్లు మా చీరను తాకి, "అదే చీర అక్కడ పదో వంతుకు ఇస్తున్నారు, మీరు ఇంత చెప్తారేం?" అని కోపంగా అడిగేవారు. మా మామ వెళ్లి దెబ్బలాడతానన్నాడు. నాయిన వద్దన్నాడు. మర్నాడు ఊరికి పోయే మనిషి చేత కబురు పంపి, ఇంట్లో చిటికి కట్టి రంగు వేసి ఆరబెట్టిన పేక కట్ట ఒకటి తెప్పించాడు.

ఆ కట్ట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా స్టాలు నిలబడింది దాని మీదనే. చీర నేయకముందే, పోగులుగా ఉన్నప్పుడే, ఎక్కడ ఏ రంగు రావాలో గుర్తులు పెట్టుకుని, రంగు పట్టకూడని చోట సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీతో బిగించి కట్టడమే చిటికి కట్టడం. తరువాత ఆ కట్టను రంగులో ముంచుతారు. ఆరాక కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కొత్తగా కట్టి, మళ్లీ వేరే రంగులో ముంచుతారు. అలా రెండు మూడు దఫాలు అయ్యాక ఆ పోగులను కండెలకు చుట్టి నాడెలో పెట్టి నేస్తుంటే, పువ్వు పోగు వెంట పోగుగా తనంతట తానే చీరలో తేలుతుంది.

నాయిన ఆ కట్టను మేకుకు తగిలించి, బల్ల చివర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో సగం బ్లేడు. ఎవరైనా ఆగి చూస్తే ఏమీ మాట్లాడకుండా ఒక రబ్బరు ముడి కింద బ్లేడు దూర్చి, పోగు తెగకుండా ముడి ఒక్కటే తెగేట్టు పైకి లాగేవాడు. ముదురు ఎరుపులో నల్లగా బిగుసుకుని ఉన్న ముడి ఊడిపోగానే, దాని కింద దాక్కున్న పోగు తెల్లగా, అప్పుడే పుట్టినంత తెల్లగా బయటపడేది. ఆ తెలుపు చూసిన ప్రతిసారీ ముందు నిలబడ్డవాళ్లు "అరె" అనేవారు. ఒక్కరూ అనకుండా ఉండటం నేను చూడలేదు. అప్పుడు నాయిన లేచి, చీర విప్పి, ముందు వైపు చూపించి, తిప్పి వెనుక వైపు చూపించేవాడు. పోగుకే రంగు పట్టింది గనక ఇక్కత్ చీరకు రెండు వైపులా పువ్వు ఒక్క తీరుగానే ఉంటుంది; అచ్చు వేసిన గుడ్డ తిప్పితే వెనుక వెలవెలబోతుంది. "అక్కడ గూడ తిప్పి చూడుండ్రి, తర్వాత మీ ఇష్టం" అనేవాడు. ఆ రెండు మాటలే ఆయన ప్రచారమంతా. వెళ్లి చూసి, తిరిగి వచ్చినవాళ్లు చాలామంది.

మొదటి పట్టుచీర అలా అమ్ముడుపోయింది. ఒక బ్యాంకు ఉద్యోగిని, యాభై ఏళ్ల పైబడిన ఆవిడ, సావుకారి తిప్పి పంపిన ఏడింటిలో ఒకటి విప్పించి, ఎరుపు తెలుపులోకి పాకిన చోటే వేలు పెట్టి, "ఇది దీపం కొసలాగా ఉందయ్యా" అంది. నాయిన నా వైపు చూశాడు. ధర అడిగింది. ఆయన తడబడకుండా 2,200 అన్నాడు. ఆవిడ బేరం ఆడలేదు. బిల్లు పుస్తకంలో మొదటి పేజీ రాస్తుంటే నా చేయి వణికింది. నాయిన ఆ నోట్లను లెక్కపెట్టకుండా అమ్మకు ఇచ్చి, మైదానం చివర నల్లా దగ్గరికి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కుని వచ్చాడు.

నుమాయిష్‌లో ఆడవాళ్లకు మాత్రమే కేటాయించిన రోజు ఒకటి ఉంటుంది. ఆ సాయంత్రం నాయిన వెనక్కి తప్పుకుని అమ్మను ముందు కూర్చోబెట్టాడు. అమ్మ అంతకు ముందు కొత్తవాళ్లతో గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఎవరో ఒక అమ్మాయి, "ఇందులో మీరేం చేస్తారు?" అని మామూలుగా అడిగింది. అమ్మ ఒక క్షణం ఆగి, లేచి నిలబడి, గాల్లోనే కుడి చేయి చాచి ఆసు పోసి చూపించింది. చిటికి కట్టక ముందు పోగును ఒక కొయ్య నుంచి, అర్ధచంద్రంలా అమర్చిన మేకుల మీదికీ, అక్కడి నుంచి వెనక్కీ తిప్పుతూ పోవడమే ఆసు పోయడం. ఒక్క చీరకు చేయి అలా సుమారు 9,000 సార్లు పోయి రావాలి. అప్పట్లో అది పూర్తిగా ఇంటి ఆడవాళ్ల పని. "రెండు చీరలకు పోస్తే ఆ రోజు అన్నం ముద్ద నోటికాడికి రాదు బిడ్డా, భుజం లేవదు" అంది అమ్మ, ఆ ఊరూ పేరూ తెలియని అమ్మాయితో. చుట్టూ చేరిన ఆడవాళ్లలో మాట ఆగిపోయింది. ఒకావిడ బల్ల మీదుగా వంగి, అమ్మ భుజం మీద చేయి వేసింది. ఆ ఒక్క సాయంత్రం మేము మూడు పట్టుచీరలు, పదకొండు నూలు చీరలు అమ్మాము. నాయిన ఎప్పుడూ పువ్వు గురించే చెప్పేవాడు. చీర వెనుక ఉన్న చేయి గురించి చెప్పాలని ఆయనకు తోచలేదు. నాకు కూడా తోచలేదు, ఆ చేయి రోజూ నాకు అన్నం పెడుతున్నా.

ఆ తరువాత ఏడాది రెండేళ్లకే, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి పడే ఇదే బాధను చూసి తట్టుకోలేక ఆసు పోసే యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆ తల్లి పేరే, లక్ష్మి అని పెట్టాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చిన రోజు అమ్మ దాని ముందు కూర్చుని, అది తిరుగుతుంటే కదలకుండా ఒక చీరకు సరిపడా ఆసు పూర్తయ్యేదాకా చూసింది. ఆసు గురించి ఎక్కడ రాసే అవకాశం వచ్చినా నేను ఆయన పేరు రాయకుండా ఉండను. మా తరం ఆడపిల్లల భుజాలు ఆయనకు రుణపడి ఉన్నాయి.

మిగతా రోజులు గడిచిన తీరు వివరంగా చెప్పేంతటిది కాదు. సంక్రాంతికి పిల్లలతో మైదానం నిండిపోయి, చీరలు చూసేవాళ్లు తక్కువయ్యారు. రంజాన్ పండుగ ముందు వారం డ్రెస్సు గుడ్డలన్నీ అయిపోయి ఊరి నుంచి మళ్లీ తెప్పించాము. ఒక రాత్రి ఎవరో మిర్చి బజ్జీ నూనె చేత్తో పట్టుకున్నందుకు ఒక నూలు చీర పాడైంది. తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పినప్పుడల్లా అమ్మ అమ్మకం ఆపి వినేది. ఆ పిల్ల దొరికిందని మళ్లీ చెప్పేదాకా ఆమె మనసు మనసులో ఉండేది కాదు.

చివరి రోజు సాయంత్రానికి మా దగ్గర పట్టుచీరలు ఏవీ మిగలలేదు. దిండు గలీబులు తగ్గింపు ధరకు ఇచ్చేస్తూ మూటలు కట్టే పనిలో ఉండగా, ఆ బ్యాంకు ఆవిడ కుటుంబంతో వచ్చింది. మా చీర కట్టుకుని వచ్చింది. వాళ్ల ఇంట్లో ఏదో శుభకార్యానికి కట్టుకుందట, అటు నుంచి అటే వచ్చామని చెప్పింది. నాయిన చేతిలోని తాడు వదిలేసి నిలబడ్డాడు. తన చీరను మగ్గం మీద, మడతలో, బల్ల మీద, గాలిలో చూశాడు గాని, మనిషి ఒంటి మీద, నడుస్తుంటే, చూడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఆవిడ అమ్మతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన చీరనే చూస్తూ ఉన్నాడు. తరువాత నన్ను దగ్గరికి పిలిచి, "కొంచెం అటు తిరుగుమని అడుగు బిడ్డా, తప్పు అనుకోవద్దని చెప్పు" అన్నాడు. నేను అడిగాను. ఆవిడ నవ్వుతూ నెమ్మదిగా చుట్టూ తిరిగింది. కొంగు అద్భుతంగా ఉంది. భుజం మీద నుంచి దిగిన ఆ పువ్వుల వరుస దీపాల వెలుగులో నిజంగానే మండుతున్నట్టు ఉంది. కాని కుచ్చిళ్ల దగ్గర, నాయిన అన్నింటి కంటే ఎక్కువ కష్టపడి, ఒక్కో పోగు సూదితో సరిచేస్తూ నేసిన పెద్ద పువ్వులు మడతల్లో పడి ముక్కలైపోయాయి. ఎక్కడా ఒక పువ్వు పూర్తిగా కనబడటం లేదు. ముప్పై నాలుగేళ్లుగా అక్కడే పెద్ద పువ్వు నేస్తున్నాడు. సావుకారి ఇచ్చిన కాగితంలో అలాగే ఉండేది. కట్టుకున్న మనిషిని చూసినవాడు ఆ కాగితం అలా గీయడు.

ఆవిడకు నాయిన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. మూటలు కట్టాము. కాశ్మీరు పెద్దాయన నాయినను కావలించుకుని, వచ్చే ఏడాది ఇదే చోట అని చెప్పాడు. మర్నాడు తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు ఎక్కాక, అమ్మ కూర్చున్నవెంటనే నిద్రపోయింది. నాయిన నా దగ్గర బిల్లు పుస్తకం, పెన్సిలు అడిగి తీసుకున్నాడు. మిగిలిన బిల్లుల వెనుక, బస్సు కుదుపులకు చేయి జారుతున్నా, ముందు నిలువుగా దగ్గర దగ్గరగా కుచ్చిళ్ల గీతలు గీసుకుని, ఒక్కో గీతకూ గీతకూ నడుమ పట్టేంత చిన్న పువ్వును గీయడం మొదలుపెట్టాడు.